చివరి మలుపు హెచ్చరికను సిమ్యులేటరులో పరీక్షించబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

సెస్నా 172 అనే చిన్న విమానం రన్‌వే వైపు తిరిగే చివరి మలుపులో వేగం కోల్పోతూ ఉంటే పైలట్‌ను ముందుగానే హెచ్చరించే పరికరం తయారు చేశావనీ, దానిని సిమ్యులేటరులో పరీక్షించబోతున్నావనీ తెలిసి ఎంతో సంతోషించాను. అక్కడ స్టాల్ అయితే, అంటే రెక్కలు విమానాన్ని మోసే శక్తిని కోల్పోతే, కోలుకోవడానికి ఎత్తు మిగలదు కనుక నీ పని మీద నాకు చాలా గౌరవం ఉంది.

ముందుగా పరికరాన్ని పక్కనపెట్టి సిమ్యులేటరునే పరీక్షించు. 172ఎస్ రకపు పైలట్ హ్యాండ్‌బుక్ ప్రకారం పూర్తి బరువుతో, ఫ్లాప్‌లు (రెక్కల వెనుక అంచున ఉండే పలకలు) దించకుండా ఉన్నప్పుడు సూచికలో కనిపించే స్టాల్ వేగం 48 నాట్లు (గంటకు 48 నాటికల్ మైళ్లు). ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీల వాలుతో తిరిగితే అది 57కు, 60 డిగ్రీలైతే 68కి చేరుతుంది. సిమ్యులేటరులోని నీ విమాన నమూనాలో ఈ అంకెలు రాకపోతే, దాని మీద చేసిన పరీక్షలన్నీ వృథా అవుతాయి. స్టాల్ దాటి స్పిన్‌లో పడిన, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి జారడం మొదలైన తరువాతి కదలికల విషయంలో మాత్రం డెస్క్‌టాప్ సిమ్యులేటరును నమ్మవద్దు.

సిమ్యులేటరు అందించే గాలివేగంలో దోషం ఉండదు, అసలు విమానంలో అటువంటి కొలత దొరకదు. అందువల్ల ఆ అంకెకు ఆలస్యాన్నీ ఒడిదుడుకులనూ నీవే కలపాలి. గాలివేగాన్ని కొలవడానికి వాడే పిటాట్ గొట్టపు ముందు రంధ్రం, నీరు కారే రంధ్రం రెండూ మూసుకుపోతే, విమానం దిగుతున్న కొద్దీ వేగం తగ్గుతున్నట్లు సూచిక చూపుతుంది. అప్పుడు నీ పరికరం అకారణంగా అరుస్తుందా అన్నది తప్పక చూడు. బేస్ లెగ్‌లో, అంటే చివరి మలుపుకు ముందు రన్‌వేకు అడ్డంగా ఎగిరే భాగంలో, వెనుకగాలి ఉన్న సందర్భాన్ని మరీ శ్రద్ధగా పరీక్షించు, ఎందుకంటే రన్‌వేకు సూటిగా ఉండే గీతను దాటిపోయిన పైలట్ మలుపును బిగించేదీ, రడ్డర్ (తోక చుక్కాని) పెడల్‌ను అతిగా తొక్కేదీ అప్పుడే. పైగా ఆ సమయంలో జీపీఎస్ చూపే నేలవేగం గాలివేగం కన్నా ఎక్కువగా ఉండి నీ లెక్కను మోసగించగలదు. విమాన కదలికలను లెక్కించే జేఎస్‌బీసిమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను దృశ్యాలు లేకుండా, అసలు కాలం కన్నా వేగంగా నడపవచ్చు కనుక, గాలినీ బరువునీ మారుస్తూ వేల మలుపులను రాత్రికి రాత్రే తిప్పించవచ్చు.

మనుషులతో చేసే పరీక్షలో నేను ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. ఆ రోజు హెచ్చరిక వస్తుందని పైలట్లకు ముందే చెప్పాను. అందరూ క్షణంలో స్పందించారు. ఆ ఫలితాలు ఎందుకూ పనికిరాలేదు. నీవు చెప్పకు. రేడియో సంభాషణతో, ఎదురుగా వస్తున్న మరో విమానంతో వారికి పని కల్పించి, అనేక మామూలు ల్యాండింగ్‌ల మధ్య ఒక్కదానిలో ప్రమాదాన్ని దాచు. అనుభవజ్ఞులతో పాటు ఇటీవలే ఒంటరిగా ఎగిరిన విద్యార్థులను కూడా పిలువు, నీ పరికరం ఎక్కువగా అవసరమయ్యేది వారికే. ఎంత ముందుగా హెచ్చరిస్తే సరిపోతుందో, ఎన్ని తప్పుడు హెచ్చరికలను సహించవచ్చో పరీక్షకు ముందే కాగితం మీద రాసిపెట్టుకో. ఫలితాలు చూశాక ఆ హద్దులను జరపాలని మనసు లాగుతుంది.

పట్టికలు సిద్ధమయ్యాక నాకు పంపు. తప్పుడు హెచ్చరికల పట్టికను అన్నిటికన్నా పైన పెట్టు, నేను మొదట చదివేది దానినే.