ఫ్లింట్ నుంచి వేన్ దాకా: దగ్గర నుంచి చూసిన కార్ల ఫ్యాక్టరీల సమ్మె

అమెరికాలో పాతకాలపు సమ్మెలకీ ఇప్పటివాటికీ పోలిక ఉందా, వాటివల్ల కార్మికుడికి ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు.

నేను మిషిగన్‌లో కారు సీట్ల విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో పనిచేస్తాను. 2023లో పెద్ద కార్ల కంపెనీల కార్మికులు చేసిన సమ్మెలో మాకు ఆర్డర్లు ఆగి, లైన్‌లో పనిచేసే చాలామందిని ఇంటికి పంపేశారు. వీసా మీద ఉన్నవాణ్ణి, టెన్షన్‌తో నాకూ నిద్ర పట్టలేదు. అయినా ఆ సమ్మె న్యాయమైనదనే అంటాను.

ముందు మిషిగన్‌లోనే ఉన్న ఫ్లింట్ అనే ఊరి సంగతి. 1936 డిసెంబర్ 30న అక్కడి జనరల్ మోటార్స్ కార్మికులు పని ఆపి, ఫ్యాక్టరీ లోపలే కూర్చుండిపోయారు. బయటికొస్తే వాళ్ల చోట్లో వేరేవాళ్లని పెట్టుకుంటారు. లోపలుంటే యంత్రాలు తమ చేతిలో ఉంటాయి. వాళ్లు పట్టుకున్న ఫిషర్ బాడీ ఒకటో ప్లాంటులో కారు బాడీలు చేసే కీలకమైన అచ్చులున్నాయి. రాత్రుళ్లు కారు సీట్ల మీదే పడుకున్నారు. జనవరి 11న రెండో ప్లాంటు దగ్గర పోలీసులు టియర్ గ్యాస్ వదిలితే నీళ్ల గొట్టాలతో తిప్పికొట్టారు. 44 రోజులకి కంపెనీ దిగొచ్చి యూనియన్‌ని గుర్తించింది.

1939లో అమెరికా సుప్రీంకోర్టు అలా బైఠాయించినవాళ్లకి చట్టం రక్షణ ఉండదని తేల్చింది. అందుకే ఇప్పుడు సమ్మె గేటు బయటే. కిటుకు మాత్రం పాతదే: అన్నీ ఆపక్కర్లేదు, దెబ్బ తగిలే చోటు ఆపాలి. 2023 సెప్టెంబర్ 15న మూడు పెద్ద కార్ల కంపెనీల్లో (జనరల్ మోటార్స్, ఫోర్డ్, స్టెల్లాంటిస్) ముందు ఒక్కో ప్లాంటే ఆపారు. తర్వాత ఏది ఆగుతుందో తెలియక యాజమాన్యాలు తలలు పట్టుకున్నాయి.

వాటిలో ఒకటి, మిషిగన్‌లోని వేన్ అనే ఊళ్లో ఉన్న ఫోర్డ్ ప్లాంటు. దాని ముందు నుంచి రోజూ వెళ్లేవాణ్ణి. దారిన పోయే కార్లు మద్దతుగా హారన్ కొడుతుండేవి. ఒకరోజు ఆగాను. ప్లకార్డు పట్టుకున్న ఒకావిడ నా చేతిలో కాఫీ కప్పు పెట్టి చెప్పింది: "నా పక్కనున్నతను, నేనూ ఒకే పని చేస్తాం. నాలుగేళ్లు నిండినా నాకు అతని జీతం రాదు." అప్పట్లో పూర్తి జీతం అందుకోవాలంటే ఎనిమిదేళ్లు పట్టేది.

కొత్త ఒప్పందంలో దాన్ని మూడేళ్లకి తగ్గించారు. 2028 దాకా మూల వేతనం 25 శాతం పెరుగుతుంది, ధరలతో పాటు పెరిగే భత్యమూ తిరిగొచ్చింది. ఆ వెంటనే యూనియన్ లేని టొయోటా, హోండా కూడా జీతాలు పెంచాయి.

మా లైన్‌లో వాళ్లకి మాత్రం ఇంకా పెరగలేదు. మాకు యూనియన్ లేదు.