టెక్ సందేహాలు: రెప్లికా సర్వర్‌ను ఆపే ముందు

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని కొందరు అడ్తి వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మేము చూసుకుంటున్నాము. మైఎస్‌క్యూఎల్ 8.0 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) తో ఒక ప్రధాన సర్వర్, దాని డేటా నకలును ఎప్పటికప్పుడు ఉంచుకునే రెండు రెప్లికాలు ఉన్నాయి. ఒక రెప్లికాకు ర్యామ్ పెంచాలి. నేరుగా షట్‌డౌన్ చేయవచ్చా, ముందుగా రెప్లికేషన్‌ను, అంటే ఆ నకలు చేసే పనిని, ఆపాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సక్రమంగా షట్‌డౌన్ చేస్తే మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్‌ను తానే ఆపుకుంటుంది. అయినా ముందుగా చేత్తో ఆపడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఏ స్థితిలో ఆగిందో మీ కళ్లతో చూసుకునే వీలు అప్పుడే ఉంటుంది.

మొదటి పని మాత్రం డేటాబేస్‌కు బయట ఉంది. మీ రిపోర్టులు, తక్‌పట్టీల (అమ్మకపు చీటీల) వెతుకులాట ఆ రెప్లికా మీదే నడుస్తుంటే, రెప్లికేషన్ ఆగిన క్షణం నుంచి అది పాత లెక్కనే చూపుతుంది, పాతదని మాత్రం ఎవరికీ చెప్పదు. పదిన్నరకు కాంటా అయిన మిర్చి బస్తాలు పదకొండింటికి తెర మీద కనబడకపోతే రైతు అడ్తిదారును నిలదీస్తాడు, అడ్తిదారు మీకు ఫోన్ చేస్తాడు. కాబట్టి ముందు చదివే పనంతా రెండో రెప్లికాకు మళ్లించండి. మధ్యలో అభ్యర్థనలను సర్వర్లకు పంచే ప్రాక్సీఎస్‌క్యూఎల్ ఉంటే ఆ సర్వర్‌ను ‘ఆఫ్‌లైన్ సాఫ్ట్’ స్థితిలో పెడితే, నడుస్తున్న లావాదేవీలను ముగియనిచ్చి, కొత్త వాటిని అటు పంపదు.

రెప్లికాలో రెండు రకాల థ్రెడ్‌లు (లోపల విడివిడిగా నడిచే పనులు) ఉంటాయి: ఐఓ థ్రెడ్ ప్రధాన సర్వర్ బిన్‌లాగ్‌ను (డేటాలో జరిగిన మార్పుల చిట్టాను) తెచ్చి రెప్లికాలోని రిలే లాగ్‌లో రాస్తుంది, ఎస్‌క్యూఎల్ థ్రెడ్ దాన్ని పట్టికలలో అమలు చేస్తుంది. ముందుగా ‘స్టాప్ రెప్లికా ఎస్‌క్యూఎల్ థ్రెడ్’ ఆదేశంతో రెండోదాన్ని మాత్రమే ఆపి, రెప్లికాలో తెరిచి ఉన్న తాత్కాలిక పట్టికల సంఖ్య సున్నా అయిందో లేదో చూడండి. బిన్‌లాగ్ స్టేట్‌మెంట్ పద్ధతిలో, అంటే ఆదేశాలనే రాసుకునే పద్ధతిలో, ఉన్నప్పుడు, ఆ పట్టికలు షట్‌డౌన్‌తో మాయమై, తరువాత వాటిని వాడుకోవలసిన ఆదేశం దగ్గర రెప్లికేషన్ విరిగిపోతుంది. సున్నా కాకపోతే థ్రెడ్‌ను మళ్లీ నడిపించి, కాసేపాగి ప్రయత్నించండి. మైఎస్‌క్యూఎల్ 5.7.7 నుంచి డిఫాల్ట్‌గా వస్తున్న, మారిన వరుసలను రాసుకునే రో పద్ధతిలో ఈ బెడద లేదు, కానీ ఏళ్లనాటి కాన్ఫిగ్ ఫైలునే కాపీ చేసుకుంటూ వచ్చినవారు ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఆ తరువాత ‘స్టాప్ రెప్లికా’ ఇవ్వండి. 8.0.22 కంటే పాత వెర్షన్‌లలో ఇదే ‘స్టాప్ స్లేవ్’, 8.4 లో ఆ పాత ఆదేశాన్ని తీసేశారు.

ఆదేశం ఎంతకీ తిరిగి రాకపోతే, నడిమధ్యలో ఉన్న పెద్ద లావాదేవీని వెనక్కి తిప్పుతూ ఉండవచ్చు, లేదా వెనక్కి తిప్పడం కుదరని మైఐసామ్ రకం పట్టిక మీది పని ముగిస్తూ ఉండవచ్చు. ఓపిక పట్టండి, ప్రాసెస్‌ను బలవంతంగా చంపకండి. ‘రీసెట్ రెప్లికా ఆల్’ జోలికైతే అసలే పోవద్దు: అది ఆపడం కాదు, ప్రధాన సర్వర్ చిరునామాతో సహా అన్నీ మరచిపోవడం.

ఆపిన దానికన్నా ఆపి ఉంచిన కాలమే ఎక్కువ ప్రమాదం. డిఫాల్ట్‌గా బిన్‌లాగ్‌లు 25,92,000 సెకన్లు, అంటే 30 రోజులు ఉంటాయి గానీ, డిస్క్ నిండుతోందని చాలామంది దాన్ని కుదిస్తారు. నేను పనిచేసిన ఒకచోట ఒక్క రోజుకే కుదించారు. శనివారం ఆపిన రెప్లికాను సోమవారం లేపేసరికి, దానికి కావలసిన బిన్‌లాగ్ ప్రధాన సర్వర్‌లో లేదు. డేటా మొత్తం మొదటి నుంచి కాపీ చేయడానికి నాకు ఆ రోజంతా పట్టింది.

ర్యామ్ బిగించి సర్వర్ లేచాక రెప్లికేషన్ తనంతట తానే మొదలవుతుంది, కాన్ఫిగ్‌లో ‘స్కిప్ రెప్లికా స్టార్ట్’ ఉంటే తప్ప. ‘షో రెప్లికా స్టేటస్’లో రెండు థ్రెడ్‌లకూ ‘యెస్’ కనిపించి, వెనుకబడిన సెకన్లు సున్నాకు వచ్చి కాసేపు నిలిచాకే చదివే పనిని తిరిగి అప్పగించండి. అన్నట్టు, మైఎస్‌క్యూఎల్ డేటాను ర్యామ్‌లో ఉంచుకునే ఇన్నోడీబీ బఫర్ పూల్ డిఫాల్ట్ పరిమాణం 128 ఎంబీ మాత్రమే. దాన్ని పెంచకుండా వదిలేస్తే మీరు కొన్న ర్యామ్‌ను మైఎస్‌క్యూఎల్ పెద్దగా వాడుకోదు.