ముందు ఏడుపు వినమ్మా

అమ్మలూ, ఎన్‌ఐసీయూలో, అదే అప్పుడే పుట్టిన బిడ్డల ఐసీయూలో, డ్యూటీ మొదలైందన్నావు కదా, అందుకే రాస్తున్నా. పుట్టిన బిడ్డ ఆయాసపడుతుంటే అందరి ధ్యాసా ఊపిరితిత్తుల మీదకే పోతుంది, ఎక్కువసార్లు కరెక్టే కూడా, కానీ గాలి వెళ్లే దారిలోనే అడ్డంతో పుట్టే బిడ్డలు ఎప్పుడో ఒకరు వస్తారు, వాళ్లని నువ్వు కళ్లతో చెవులతోనే ముందు పట్టుకోవాలి.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక పాప, ఏడుస్తుంటే ఒళ్లంతా ఎర్రగా బాగుండేది, ఊరుకుని నోరు మూసిందంటే పెదాలు నీలం. మేమేమో పాపం అని ఎత్తుకుని ఊరుకోబెడుతూనే ఉన్నాం, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. గుండె జబ్బనుకున్నాం, కానీ అదైతే ఏడ్చినప్పుడు నీలం ఇంకా పెరగాలి కదా, ఆ మాట ఎవరికీ తట్టలేదు. చివరికి ఒక సిస్టర్ ముక్కులోకి 6 నంబర్ సక్షన్ ట్యూబ్ వేయబోతే రెండు వైపులా 3 సెంటీమీటర్లు దాటగానే గోడకి తగిలినట్టు ఆగిపోయింది. కోయానల్ అట్రీషియా, ముక్కు వెనక దారి మూసుకుపోయి పుట్టింది. పసిబిడ్డలు దాదాపు ముక్కుతోనే పీలుస్తారు, అందుకే ఏడ్చి నోరు తెరిస్తేనే గాలి. నోట్లో ఓరల్ ఎయిర్‌వే, అంటే నోటి దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం, పెట్టగానే తేరుకుంది. ఇలాంటి బిడ్డకి కళ్లు, చెవులు, గుండె కూడా చూపించు, ఛార్జ్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వీటన్నిటిలో లోపాలు కలిసి వచ్చే జబ్బు, ఉండొచ్చు.

గాలి లోపలికి పీల్చేటప్పుడే కూత వస్తే, వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు పెరిగితే చాలావరకు లారింగోమలేషియా, అంటే స్వరపేటిక మెత్తగా ఉండి పీల్చినప్పుడు లోపలికి ముడుచుకోవడం, ఎక్కువమందికి రెండేళ్ల లోపు అదే సర్దుకుంటుంది. పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ రెండిట్లో కూత ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకు, స్వరపేటిక కింద ఇరుకు ఉండొచ్చు. ఏడుపు బొంగురుగానో పీలగానో ఉంటే స్వరతంత్రులు పనిచేయకపోవడమో మధ్యలో పొర ఉండటమో. గడ్డం చిన్నగా లోపలికి ఉంటే నాలుక వెనక్కి జారుతుంది, ఆ బిడ్డని మానిటర్ పెట్టి నీ కళ్లెదుటే బోర్లా పడుకోబెట్టు. నోట్లోంచి నురగ ఆగకుండా వస్తుంటే పాలు పట్టకుండా ముందు కడుపులోకి ట్యూబ్ వేసి చూడు, 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిందంటే అన్నవాహిక మూసుకుపోయి ఉండొచ్చు.

అన్నిటికంటే భయపడాల్సింది, బిడ్డ ఏడవాలని ఒళ్లంతా బిగబట్టినా చప్పుడే రాకపోవడం. స్వరతంత్రులు కనపడుతున్నా శ్వాస కోసం వేసే ట్యూబ్ వాటి కిందకి దిగకపోతే మళ్లీ మళ్లీ పొడవొద్దు, మాస్క్‌తో గాలి ఇచ్చినప్పుడు ఛాతీ లేస్తుంటే అదే కంటిన్యూ చేస్తూ సీనియర్‌నీ ఈఎన్‌టీ వాళ్లనీ వెంటనే పిలువు, శ్వాసనాళమే ఏర్పడలేదేమో.

ఇంకోటి, కూత వస్తున్నప్పుడే అమ్మానాన్నల్ని అడిగి ఫోన్‌లో వీడియో తీసిపెట్టు, ఈఎన్‌టీ వాళ్లు వచ్చేసరికి బిడ్డ హాయిగా నిద్రపోతుంటుంది.