ఎండ ఎక్కువైతే ఆకు ఎక్కువ ఆహారం తయారు చేస్తుందా?

ఆకు వెలుతురును శక్తిగా ఎలా మారుస్తుందని, అంత ఎండ కాసే అనంతపురంలో పంట మరింత ఎక్కువగా ఎందుకు పండదని మీరు అడిగారు. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించే నాకు ఈ రెండూ ఒకే ప్రశ్నగా కనిపిస్తాయి.

ఆకు కణాల్లోని హరితరేణువులలో ఉండే పత్రహరితం ముఖ్యంగా ఎరుపు, నీలి కాంతిని గ్రహిస్తుంది. అప్పుడు దానిలోని ఎలక్ట్రాన్లు అధిక శక్తి స్థాయికి చేరి, హరితరేణువు లోపల గ్రానా అనే దొంతరలుగా ఉండే పొరల్లో వరుసగా ఉన్న అణువుల మీదుగా చేతులు మారుతూ సాగుతాయి. ఆ ఎలక్ట్రాన్ల లోటును నీరు పూడుస్తుంది. నీటి అణువు విడిపోయి ఎలక్ట్రాన్లను, ప్రోటాన్లను ఇచ్చి ఆక్సిజన్‌ను వదులుతుంది. (ఆ ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి కాక నీటి నుంచే వస్తుందని 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో చూపింది. మా పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.) పొరకు ఒక పక్కన పోగైన ప్రోటాన్లు, చెరువు తూము గుండా నీరు పారినట్టు, ఒక ఎంజైము గుండా అవతలికి వెళ్లేటప్పుడు కణం ఖర్చు చేసుకోగల శక్తి ఉన్న ఏటీపీ అనే అణువు తయారవుతుంది, ఎలక్ట్రాన్లు చివరికి వాటిని మోసుకెళ్లే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువులో చేరతాయి. ఈ రెండింటినీ ఖర్చు చేసి కాల్విన్ వలయం అనే రసాయన చర్యల వరుసలో కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చుకోవడం తరువాతి పని.

చిక్కంతా ఈ రెండో పనిలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే పత్రరంధ్రాలు తెరుచుకోవాలి, తెరుచుకుంటే నీరు ఆవిరై పోతుంది. కళ్యాణదుర్గం దగ్గర మా వేరుశనగ చేనులో వాన వెనకబట్టినప్పుడు మిట్టమధ్యాహ్నం చూస్తే, ఆకులు ముడుచుకొని అంచులను మాత్రమే ఎండకు చూపుతూ నిలబడి ఉంటాయి. మొక్క తన మీద పడే ఎండను తానే తగ్గించుకుంటోందన్నమాట. రంధ్రాలు మూసుకొని లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గేకొద్దీ, దానిని పట్టవలసిన రూబిస్కో ఎంజైము ఆక్సిజన్‌ను పట్టుకోవడం పెరిగి, సంపాదించిన శక్తిలో కొంత వృథా అవుతుంది.

జొన్న, కొర్ర మొక్కలు ఈ నష్టాన్ని చాలావరకు తప్పించుకుంటాయి. వాటిలో ఆక్సిజన్ జోలికి పోని మరొక ఎంజైము ముందుగా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, ఈనెల చుట్టూ ఉన్న కణాలలోకి చేరవేస్తుంది. రూబిస్కో పని చేసేది అక్కడ. అందువల్ల రంధ్రాలు కొద్దిగా తెరిచినా సరిపోతుంది. ఇందుకు అదనంగా ఏటీపీ ఖర్చవుతుంది కానీ, ఎండకు కొదువ లేని మన సీమలో ఆ ఖర్చు మొక్కకు భారం కాదు.