బేస్ గిటార్‌కి ఏ చెక్క మంచిది? టేకుతో బాడీ చేయించి చూశాక నాకు తెలిసింది

మీరు అడిగింది ఇది: మొదటి బేస్ కొంటున్నారు, ఒకే మోడల్ రెండు రకాలుగా దొరుకుతోంది. ఒకటి ఆల్డర్ చెక్క బాడీ, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు (వేళ్ళు నొక్కే పలక). రెండోది యాష్ చెక్క బాడీ, మేపుల్ ఫ్రెట్‌బోర్డు, 12 వేలు ఎక్కువ. యాష్‌ది సౌండ్ చాలా బాగుంటుందని షాపులో చెప్పారు. ఆ 12 వేలు పెట్టడం సబబేనా అని.

సౌండ్ కోసమే అయితే పెట్టకండి. ఇదే ప్రశ్న మీద నేను ఒక టేకు దూలాన్నీ, దాదాపు ఏడాది ఆదివారాల్నీ ఖర్చు పెట్టాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

విజయవాడలో మా చర్చి క్వయర్‌లో పదిహేనేళ్ళుగా బేస్ వాయిస్తున్నాను. నా మొదటి బేస్‌ది బాస్‌వుడ్ బాడీ. (పేరు చూసి ఇది బేస్ గిటార్ల కోసమే పుట్టిన చెక్క అనుకుంటారు చాలామంది. అదొక చెట్టు పేరు, మన వాయిద్యంతో సంబంధం లేదు.) తేలికగా, మెత్తగా, గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడేలా ఉంటుంది. నా సౌండ్‌లో పస లేకపోవడానికి ఈ మెత్తదనమే కారణమని అక్కడా ఇక్కడా చదివి నమ్మేశాను. ముఖ్యంగా ఒక బాధ ఉండేది. జి తీగ మీద 6వ ఫ్రెట్ (ఫ్రెట్ అంటే వీణ మెట్టు లాంటిది), అంటే సి షార్ప్ స్వరం, మీటగానే 'టుమ్' అని మొదలై వెంటనే చచ్చిపోయేది. పక్కనున్న 5, 7 ఫ్రెట్లు హాయిగా మోగేవి. ఎ మేజర్ (A major) శ్రుతిలో ఉన్న పాట వచ్చిందంటే ఆ స్వరం తప్పదు. నెమ్మదిగా సాగే ఆరాధన పాటల్లో అది సరిగ్గా ఆ చోట ఆరిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఆ రోజుల్లోనే మా పెదనాన్నగారి పాత ఇల్లు పడగొట్టారు. అందులోంచి ఒక టేకు దూలం తెచ్చుకున్నాను. దాన్ని కోయించి, మూడు ముక్కలు అతికించి, 45 మిల్లీమీటర్ల మందం వచ్చేలా చిత్రిక పట్టించి, పాత బాడీని పైన పెట్టి పెన్సిల్‌తో గీసి, ఒక వడ్రంగి చేత అచ్చం అలాంటి బాడీయే చేయించాను. పాత దాని నెక్ (తీగలు సాగే పొడుగాటి కాడ), పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చేది), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు), వైరింగ్ అన్నీ విప్పి కొత్త దానికి బిగించాను. 3.9 కిలోల బేస్ కాస్తా 5.1 కిలోలు అయింది.

మొదటిసారి ఆంప్‌కి (స్పీకరున్న యాంప్లిఫయర్‌కి) తగిలించినప్పుడు గుండె జారిపోయింది. పాతదానికంటే ఘోరంగా ఉంది, పై ఫ్రెట్లలో స్వరం నిలబడటమే లేదు. రెండు రోజులు చెక్కనే అనుమానించాను. తీరా విప్పి చూస్తే నెక్ కూర్చునే గాడి వెడల్పుగా వచ్చింది, ఒక పక్క అట్టముక్క దూరేంత సందు. అడుగు కూడా సమంగా లేదు. గాడి అడుగు చదును చేసి, పక్కన పల్చటి చెక్క పొర అతికించి, నెక్ బిగుతుగా కూర్చునేలా చేశాక ప్రాణం లేచి వచ్చింది. అతుకు సరిగ్గా ఉందా లేదా అన్నది ఏ చెక్క అన్నదానికంటే ఎంత పెద్ద విషయమో నాకు అప్పుడే అర్థమైంది.

ఇక అసలు పోలిక. పాత బాడీతో ఉండగానే కొత్త తీగలు వేసి కొన్ని లైన్లు ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను, ఆంప్ లేకుండా నేరుగా. టేకు బాడీతో మళ్ళీ అదే కంపెనీ కొత్త తీగలు వేసి, తీగకీ పికప్‌కీ మధ్య ఎత్తు స్కేలుతో కొలిచి అంతే ఉంచి, అవే లైన్లు వాయించాను. మా కీబోర్డు తమ్ముడికీ డ్రమ్మర్‌కీ ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. ఒకసారి ఇదే టేకు అన్నారు, ఇంకోసారి అదే ముక్కని బాస్‌వుడ్ అన్నారు. వరసలు మార్చి మార్చి వినిపించినా వాళ్ళకి పట్టు దొరకలేదు, నాకూ దొరకలేదు. అదే, నాలుగు నెలలు వాడిన తీగలతో చేసిన రికార్డింగ్ ఒకటి మధ్యలో పెడితే మొదటి స్వరానికే ఇద్దరూ గుర్తుపట్టేశారు.

మరి టేకుతో ఏమీ మారలేదా అంటే మారింది. ఆంప్ లేకుండా పొట్టకి ఆనించుకుని వాయిస్తే తేడా తెలిసేది. బాడీ పైకొమ్ము మీద గడ్డం ఆనించి ఇ (E) తీగ మీటితే ఎముకల్లోకి వచ్చే ఆ అదురు రెండింటిలో వేర్వేరుగా ఉండేది. వాయించేవాడికి అది చిన్న విషయం కాదు, చేతికి ధైర్యం ఇస్తుంది. కానీ అది స్పీకర్లోంచి బయటికి రాదు. అందుకే షాపులో బేస్ వాయించి "చెక్క తేడా నాకు తెలుస్తోంది" అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకి నిజంగానే తెలుస్తోంది, ఒంటికి.

ఇలా ఎందుకంటే, మన వీణని తలుచుకోండి. బొబ్బిలిలో ఏకాండి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. తీగ కదలిక బ్రిడ్జ్ గుండా పైపలకలోకి దిగి, ఆ పలకా కుండా గాలిని కదిలిస్తేనే మనకి నాదం వినిపిస్తుంది. అక్కడ చెక్కే స్పీకరు. పనస బదులు ఇంకో చెక్క పెడితే నాదం మారి తీరుతుంది. ఎలక్ట్రిక్ బేస్‌లో పలక లేదు, కుండ లేదు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. పైన ఇనుప తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. చెక్క చేయగలిగింది ఒక్కటే: తీగలోంచి శక్తిని లాక్కోవడం. ఏ స్వరం దగ్గర ఎంత త్వరగా లాక్కుంటుందన్నదే చెక్క ప్రభావం.

ఎక్కువగా లాక్కునేది నెక్. తీగకి ఒక కొస బ్రిడ్జ్ దగ్గర, బరువైన బాడీ మీద కదలకుండా ఉంటుంది. రెండో కొస సన్నగా, పొడుగ్గా ఉండే నెక్ మీద ఉంటుంది. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు, గిటార్‌కంటే దాదాపు 9 అంగుళాలు ఎక్కువ. పైగా చివర్లో తీగలు బిగించే నాలుగు లావాటి మరలు వేలాడుతుంటాయి. పట్టుకుని చూస్తే రాయిలా ఉంటుంది గానీ, నిజానికి నెక్ కూడా తన లెక్కలో తాను ఊగుతుంది. తీగ స్వరం ఆ ఊపుతో కలిసినప్పుడు, తీగలో ఉండాల్సిన శక్తి నెక్‌లోకి జారిపోతుంది, స్వరం ఆరిపోతుంది. దీన్నే డెడ్ స్పాట్ అంటారు. చాలా బేస్‌లలో జి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల దగ్గర వస్తుంది. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ అనే పరిశోధకుడు దీన్ని కొలిచి చూపించాడు: శక్తి పోయేది ప్రధానంగా నెక్ వైపు నుంచే, బ్రిడ్జ్ వైపు నుంచి పోయేది చాలా తక్కువ.

నా సి షార్ప్ సంగతి ఇక్కడ తేలింది. మెత్తటి బాస్‌వుడ్ పోయి అరవై ఏళ్ళ టేకు వచ్చినా, అదే 6వ ఫ్రెట్ దగ్గర అదే స్వరం అలాగే చచ్చిపోయేది. అంత పని చేసి, అంత బరువు మోసి, ఆ ఒక్క స్వరం మారకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ కసితో ఒక రాత్రి వడ్రంగులు వాడే చిన్న సి-క్లాంప్ తెచ్చి, మధ్యలో గుడ్డ పెట్టి, హెడ్‌స్టాక్ (మరలు ఉండే నెక్ చివర) కొసకి బిగించాను. సి షార్ప్ మీటాను. మోగింది! నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు, అలా సాగుతూనే ఉంది. ఒక్కో ఫ్రెట్ కిందికి వెళ్తే ఇప్పుడు 5వ ఫ్రెట్‌లో సి నీరసంగా ఉంది. కొసన బరువు పెరిగితే నెక్ ఊపు నెమ్మదిస్తుంది, డెడ్ స్పాట్ కింది స్వరానికి జారుతుంది. పావుకిలో ఇనుము చేసిన పని కిలో పైచిలుకు టేకు చేయలేకపోయింది.

తర్వాత లోపల గ్రాఫైట్ కడ్డీలు పెట్టిన మేపుల్ నెక్ ఒకటి కొన్నాను. డెడ్ స్పాట్ వెతికితే గానీ దొరకనంతగా తగ్గింది. ఆ నెక్‌ని మళ్ళీ పాత బాస్‌వుడ్ బాడీకే బిగించి ఇప్పటికీ ప్రతి ఆదివారం అదే వాయిస్తున్నాను. అందుకే చెక్క గురించి ఎవరు అడిగినా ముందు నెక్ చూడమంటాను. గట్టి మేపుల్, నిలువు రేఖలు నెక్ పొడవునా నేరుగా సాగినది, ముడులు లేనిది. మన కోస్తాలో ఇది ఇంకా ముఖ్యం. ఎండాకాలం పొడికీ వానాకాలం తేమకీ మధ్య నెక్ వంపు మారి, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) పైకీ కిందికీ అవుతుంది. ఏడాదికి రెండుసార్లు ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) సవరించుకోవాల్సిందే.

యాష్ గొప్పదన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, దానికో చరిత్ర ఉంది. 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు బాడీ యాష్‌తోనే చేశారు. 1956 నుంచి సన్‌బర్స్ట్ రంగు (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా) వేసేవాటికి ఆల్డర్‌కి మారారు. యాష్ రేఖల్లో లోతైన సందులుంటాయి, వాటిని పూడ్చి నున్నగా చేయకపోతే రంగు సరిగా కూర్చోదు. ఆల్డర్‌కి ఆ బాధ లేదు. రేఖలు కనపడే లేత రంగు వాటికి మాత్రం యాష్ ఉంచారు. అంటే అందంలో యాష్‌కి తిరుగులేదు, అది నేనూ ఒప్పుకుంటాను.

ఆ తర్వాత 1970ల జాజ్ బేస్‌లు (ఇదీ ఫెండర్ మోడలే). యాష్ బాడీ, మేపుల్ ఫ్రెట్‌బోర్డు, కోసుకుపోయే సౌండ్. అమెరికా బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ వాయించే 1977 జాజ్ బేస్ విన్నవాళ్ళందరికీ ఆ చెక్కలే మనసులో నాటుకుపోయాయి. కానీ ఆ దశాబ్దం మొదట్లో బ్రిడ్జ్ వైపు పికప్‌ని దాదాపు ఒక సెంటీమీటరు బ్రిడ్జ్‌కి దగ్గరగా జరిపారు. పికప్ చోటు మారితే సౌండ్ ఎంత మారుతుందో తెలియాలంటే, మీ కుడిచేతి వేళ్ళు ఒకసారి నెక్ దగ్గరా ఒకసారి బ్రిడ్జ్ దగ్గరా పెట్టి మీటి చూడండి. కారణం ఒకటే: తీగ ఏ చోట ఎలా కదులుతుందన్నది. దానికి తోడు రౌండ్‌వౌండ్ తీగలు (గుండ్రటి తీగ చుట్టినవి, పైన గరుకు), మిల్లర్ బొటనవేలితో కొట్టే తీరు. ఈ ఘనతంతా యాష్‌కి ఇచ్చేయడం నాకు న్యాయంగా అనిపించదు. 1980ల మొదట్లో స్టైన్‌బర్గర్ బేస్‌లు వచ్చాయి. అందులో చెక్కే లేదు, కార్బన్ ఫైబరూ రెజినూ. హెడ్‌స్టాక్ కూడా లేదు. అయినా అది అచ్చమైన బేస్‌లాగే మోగుతుంది, స్వరాలన్నీ ఒకే తీరుగా నిలబడతాయి.

ఇంకో సంగతి, యాష్ అన్నది ఒకే చెక్క కాదు. అమెరికా దక్షిణాన చిత్తడి నేలల్లో పెరిగిన యాష్ తేలిక, ఉత్తరాన పెరిగింది బరువు. ఒకే పేరుతో ఉన్న రెండు బేస్‌లకి కిలో తేడా రావొచ్చు. పైగా ఆ చెట్లని ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు తినేస్తోంది. 2002లో మిషిగన్‌లో బయటపడి కోట్లాది చెట్లని చంపింది. దానికి మిసిసిపీ వరదలు తోడై, 2020లో ఫెండరే మామూలు మోడళ్ళలో యాష్ వాడకం ఆపేస్తున్నామని ప్రకటించింది. మీ 12 వేలలో సౌండ్ కంటే ఈ కొరత వాటాయే ఎక్కువని నా అభిప్రాయం.

ఫ్రెట్‌బోర్డు గురించి. ఫ్రెట్లున్న బేస్‌లో మీరు వేలు నొక్కితే తీగ ఆనేది లోహపు ఫ్రెట్ మీద, చెక్క మీద కాదు. కాబట్టి రోజ్‌వుడ్డా మేపులా అన్నది వేలికి నచ్చేదాన్ని బట్టి తీసుకోండి. ఫ్రెట్‌లెస్‌లో (ఫ్రెట్లు లేని బేస్‌లో) మాత్రం లెక్క పూర్తిగా వేరు, అక్కడ తీగ చెక్క మీదే రాపిడి పడుతుంది. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన తన 1962 జాజ్ బేస్‌లో రోజ్‌వుడ్ మీద ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత వేసింది ఆ చెక్క రౌండ్‌వౌండ్ తీగలకి అరిగిపోకుండా. ఆ గాజులాంటి గట్టి పై పొర కూడా ఆయన సౌండ్‌లో భాగమే.

రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగే. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా అంతర్జాతీయ వ్యాపార ఆంక్షలు వచ్చాయి. తయారైన వాయిద్యాలకి 2019 చివర్లో మినహాయింపు ఇచ్చారు. ఆ మధ్య కాలంలో చాలా కంపెనీలు వేరే చెక్కలకి మారాయి. చౌక బేస్‌ల వివరాల్లో 'ఇండియన్ లారెల్' అని చూస్తే కంగారుపడకండి, అది మన నల్లమల అడవుల్లో పెరిగే నల్లమద్ది. గట్టి చెక్క, నిక్షేపంలా పనిచేస్తుంది.

షాపుకి వెళ్ళినప్పుడు ఇలా చూడండి. ముందు రెండిట్లో ట్యూనింగ్ సరిచేయించండి. ఆంప్ మీద ఎఫెక్టులు ఆపేసి, జి తీగ మీద 3 నుంచి 9 వరకు ఒక్కో ఫ్రెట్ నొక్కి, మీటి, వేలు తీయకుండా స్వరం ఆరేదాకా వినండి. ఎక్కడైనా హఠాత్తుగా పడిపోతోందా చూడండి. ఒకే మోడల్‌లో కూడా ఒకదానికీ ఇంకోదానికీ ఇది మారుతుంది, కాబట్టి మీరు కొనబోయే దాన్నే వినాలి, డిస్‌ప్లేలో ఉన్నదాన్ని కాదు. తర్వాత స్ట్రాప్ వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడి వాయించండి. మూడు గంటల ప్రోగ్రాం తర్వాత నా టేకు బేస్ భుజం మీద మిగిల్చిన ఎర్రటి గాడి నాకింకా గుర్తుంది. నాలుగు కిలోలు దాటితే ఆలోచించుకోండి. నెక్‌ని హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి, మెలిక ఉంటే ఏ చెక్కదైనా వద్దు.

ఈ పరీక్షల్లో యాష్‌దే నెగ్గితే, దాని రేఖలు మీకు నచ్చితే, హాయిగా అదే కొనుక్కోండి. ఆల్డర్‌ది నెగ్గితే మిగిలే 12 వేలలో రెండు సెట్ల తీగలు తీసుకోండి, ఒకటి రౌండ్‌వౌండ్, ఇంకొకటి ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టినవి, పైన నున్నగా ఉంటాయి). ఈ రెండిటి మధ్య తేడా మా అమ్మమ్మ కూడా గుర్తుపట్టింది. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఆ గుండ్రటి సౌండ్ తెచ్చింది ఏళ్ళ తరబడి మార్చని ఫ్లాట్‌వౌండ్ తీగలతో, ఒక్క చూపుడు వేలితో. మిగతా డబ్బుతో మంచి సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయడం) చేయించండి.

వీలైతే రెండిటి మీదా జి తీగ 3 నుంచి 9 ఫ్రెట్లు ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. ఏది ఏదో రాయకుండా పెట్టండి, విని నాకేమనిపించిందో చెప్తాను.