క్లాసు విన్నారు సరే, మందుల డబ్బా తెరిచారా?

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు, అన్నిటికీ కలిపి ఎనిమిది రకాల మందులు వాడుతున్నారు. పెద్దవాళ్లు మందులు ఎలా వాడాలో నేర్పే ఒక ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాను. వీడియోలన్నీ చూశారు, సర్టిఫికెట్ కూడా వచ్చింది. తీరా చూస్తే ఆ వారమే తెలిసినవాళ్లెవరో ఇచ్చిన నొప్పి మాత్ర ఎవరికీ చెప్పకుండా వేసేసుకున్నారు. ఈ క్లాసుల వల్ల ఉపయోగం ఉందంటారా?

జవాబు: ఉంది, కానీ వీడియో చూడటంతో పని అయిపోయిందనుకుంటే లేదు. వీడియోలో మాట్లాడే మనిషికి మీ అత్తగారి డబ్బాలో ఏముందో తెలియదు కదా. "వేరే మందులతో కలిపి వాడేటప్పుడు జాగ్రత్త" అంటే ఆవిడ తలూపుతారు, అది తన మోకాలి నొప్పి మాత్ర సంగతేనని మాత్రం అనుకోరు. నొప్పి మాత్ర చాలామంది లెక్కలో అసలు మందే కాదు.

ఈసారి పాఠం పెట్టే ముందు ఆవిడ వాడేవన్నీ తెచ్చి బల్ల మీద పెట్టండి. డాక్టరు రాసినవే కాదు, కంటి చుక్కలు, పూత మందులు, విటమిన్లు, మూలికల పొడులు, ఎప్పుడో మిగిలిపోయిన దగ్గు సిరప్ కూడా. బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి ఆవిడ చేతే చదివించండి. జలుబు మాత్రలోనూ జ్వరం మాత్రలోనూ పారాసెటమాల్ ఉండొచ్చని అప్పుడు తెలిసొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకే అది రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, బరువు తక్కువున్నా లివర్ బాగోలేకపోయినా ఇంకా తక్కువే.

ఇక ఆ తెచ్చుకున్న నొప్పి మాత్ర. అది ఐబుప్రోఫెనో డైక్లోఫినాకో అయితే, బీపీ మందు పనితనాన్ని తగ్గించగలదు. బీపీ మాత్ర పేరు చివర "ప్రిల్" అనో "సార్టన్" అనో ఉండి, దానితోపాటు ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా వాడుతుంటే, ఈ మూడూ కలిసి కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం ఉంది, వయసు పైబడ్డవాళ్లకైతే మరీను. ఇది ఆవిడకి భయం పుట్టించడానికి కాదు, "అందుకా అడగమంటున్నారు!" అనిపించడానికి చెప్పాలి. వద్దు అనే మాట కంటే ఎందుకు వద్దో తెలిస్తేనే గుర్తుంటుంది.

ఐదారు నిమిషాలకోసారి వీడియో ఆపండి. ఆపి "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, ఎవరైనా అవుననే అంటారు. "అత్తయ్యా, నాకు సరిగ్గా ఎక్కలేదు, ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీరు చెప్పండి" అనండి. ఆవిడ చెప్పేదాంట్లో తేడా వస్తే తప్పు ఆవిడది కాదు, పాఠం సరిగ్గా చెప్పలేదని అర్థం. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ అదే అడగండి. ఒక్కరోజులో అన్నీ చూపించేసే బదులు ఒక మందు పట్టుకుని వారమంతా తిరగేస్తే మేలు.

ప్రశ్న: నేను రిటైర్డ్ నర్సుని. మా వయసువాళ్లు పదిమందికి వీడియో కాల్‌లో మందుల వాడకం గురించి చెప్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మొదటి రోజు మందుల ఊసే ఎత్తకండి. మ్యూట్ తీయడం, కెమెరా తిప్పడం, అక్షరాలు పెద్దవి చేసుకోవడం, అంతే. ఆ టెన్షన్ పోనిదే మీరు చెప్పేదేదీ చెవికెక్కదు.

విషయానికైతే ఒక వరస సిద్ధంగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. రోగి ఆగి ప్రశ్నలు అడగాల్సిన ఐదు సందర్భాలను అందులో చెప్పారు: మందు మొదలుపెట్టేటప్పుడు, వేసుకునేటప్పుడు, కొత్తది తోడైనప్పుడు, అన్నీ ఒకసారి సరిచూసుకునేటప్పుడు, ఆపేటప్పుడు. ఒక్కో క్లాసుకి ఒక్కోటి తీసుకోండి.

"నీలం మాత్ర పొద్దున" లాంటి మాటలు వద్దు. వయసుతో కంట్లో లెన్సు పసుపు తిరిగి నీలానికీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు, పైగా కంపెనీ మారితే అదే మందు రంగూ మారుతుంది. పేరు, ఎందుకు, ఎప్పుడు, ఈ మూడూ కావాలి. నిదానంగా మాట్లాడండి, వెనక మ్యూజిక్ అసలొద్దు, వయసు మీదపడ్డ చెవికి అందులో మాటలు కలిసిపోతాయి.

ఉదాహరణలు నిజంగా జరిగే పొరపాట్ల నుంచి తీసుకోండి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజో చీటీ మీద రాయించుకోమనండి. మెల్లగా కరిగేలా చేసిన మాత్రల్ని మింగలేక నలిపి వేసుకునేవాళ్లు మీ పదిమందిలోనూ ఉండొచ్చు, అలా చేస్తే రోజంతటి డోసు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. ఇక ఒక పూట మర్చిపోయినవాళ్లు మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదన్నది మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి, ఎవరి చీటీ అయినా అందరికీ కనిపించేలా స్క్రీన్ మీద పెట్టకండి. "నేనిది మానేయొచ్చా?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. మీకు జవాబు తెలిసినా సరే, ఆ ప్రశ్నని కాగితం మీద రాయించి వాళ్ల డాక్టరు దగ్గరికి పంపండి.

ప్రశ్న: నాకు 68. నేను చాలా ఏళ్లుగా వాడుతున్న నిద్రమాత్ర పెద్దవాళ్లకి మంచిది కాదని ఆన్‌లైన్ పాఠంలో చెప్పారు. నాలుగు రోజుల క్రితం మానేశాను. చేతులు వణుకుతున్నాయి, నిద్ర అసలే లేదు. మంచి పనే చేశానా?

జవాబు: ఇది చదవగానే, ఈరోజే, డాక్టరుతో మాట్లాడండి. మీ పాఠంలో చెప్పింది అబద్ధం కాదు. వృద్ధులకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా ఒకటుంది, బీర్స్ జాబితా అంటారు, 1991లో మొదట వచ్చింది, డయాజిపామ్ లాంటి నిద్రమాత్రలు అందులో ఉన్నాయి. మత్తు ఎక్కువసేపు ఉండటం, తూలి పడటం, మతిమరుపు, ఇవీ కారణాలు. కానీ ఆ జాబితా డాక్టర్లు ఆలోచించి వాడుకోవడానికి, మనం ఇంట్లో కూర్చుని మన మందులు మనమే మానేయడానికి కాదు. ఏళ్ల తరబడి వాడిన ఇలాంటి మాత్రని ఒక్కసారిగా ఆపితే వణుకు, ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావొచ్చు. అందుకే డోసు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మాత్ర పేరు, ఎంత డోసు, ఎన్నేళ్లుగా, ఏ రోజు ఆపారు, ఇవన్నీ రాసుకుని వెళ్లండి. ఒంటరిగా బయల్దేరకండి, ఇంట్లో ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి ఎక్కడున్నారో తెలియకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలని వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.