స్కిన్ డాక్టరుకు అంత చదువు అవసరమే

"మొటిమలకూ తామరకూ క్రీము రాసివ్వడానికి ఎంబీబీఎస్ మీద మళ్లీ మూడేళ్లు చదవాలా?" అని అడిగారు. చదవాలి. ఇంకో ఏడాది పెంచినా నాకు అభ్యంతరం లేదు.

మా బాబాయికి మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. శోభి అనుకున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు అయిపోతే ఇంకొకటి తెచ్చి రాసుకున్నారు. దురద లేదు, నొప్పి లేదు, కాబట్టి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. చివరికి ప్రభుత్వ బోధనాసుపత్రి చర్మ విభాగానికి నేనే బలవంతంగా తీసుకెళ్లాను.

అక్కడ చూసింది పీజీ చదువుతున్న అమ్మాయి. మచ్చను కిటికీ వెలుతురులో పరీక్షగా చూసి, దూదిని సన్నగా మెలిపెట్టి, "కళ్లు మూసుకోండి పెద్దాయనా. దూది తగిలినచోటల్లా వేలు పెట్టి చూపించండి" అంది. మచ్చ చుట్టూ తగిలించినంతసేపూ బాబాయి సరిగ్గానే చూపించారు. మచ్చ మధ్యలో తగిలిస్తే వేలు కదలలేదు. ఆమె మళ్లీ తగిలించింది. "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగారాయన.

నాకు ఒళ్లు జలదరించింది. ఆమె మాత్రం ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా, మోచేయి మడిచి ఎముక వెనక నరాన్ని తడిమింది. తర్వాత రెండో చేయి, మెడ పక్కన. ఈలోగా ప్రొఫెసర్ వచ్చారు. రోగి కన్నా ముందు ఆమెనే ప్రశ్నించారు: "రెండు వైపులా తేడా తెలిసిందా?" లేదంది. ఆయన ఆమె వేళ్లను పట్టుకుని కాస్త పైకి జరిపి, "ఇక్కడ చూడు, ఇప్పుడు చెప్పు" అన్నారు. ఈ చదువు పుస్తకంలో ఎలా వస్తుంది? చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, ఆ రసాన్ని గాజు పలక మీద పూసి ల్యాబుకు పంపారు. అందులో క్రిములు కనబడలేదు గానీ, స్పర్శ పోయిన మచ్చే సాక్ష్యం. కుష్ఠు, తొలిదశ. ఆరు నెలల మందులు, పూర్తిగా ఉచితం. ఇంట్లోవాళ్లకు కూడా ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు మాత్ర ఇచ్చారు. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పినా పిన్ని ఒకరోజు గాబరా పడింది.

నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్, నీట్ పీజీ గట్టెక్కాక మూడేళ్ల ఎండీ. ఆ ఎండీలో చర్మవ్యాధులూ సుఖవ్యాధులూ కుష్ఠూ మూడూ కలిసే ఉంటాయి. రాత్రి డ్యూటీల బెడద తక్కువని మంచి ర్యాంకులవాళ్లు ఈ సీటు తన్నుకుపోతారని ఎగతాళి చేస్తారు. పెంఫిగస్ వచ్చి ఒళ్లంతా బొబ్బలు చిట్లిన మనిషి పడుకున్న వార్డును ఒక్కసారి చూసి ఆ మాట అనమనండి. నా దృష్టిలో సర్కారీ ఓపీలో చేతులు అరగదీసుకున్నవారే అసలైన చర్మ వైద్యులు. చౌరస్తా హోర్డింగుల్లో తెల్లటి బుగ్గలు చూపించే లేజర్ దుకాణాల్లో దూది పట్టుకునే మనిషి ఉంటాడా అని నా అనుమానం.

ఆ మెడికల్ షాపు ట్యూబుల గొడవ వేరే. చాలావాటిలో శిలీంధ్రాల మందుతోపాటు స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రాయగానే తామర ఎరుపు తగ్గుతుంది, ఆనక తొడంతా పాకుతుంది. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడదన్న షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. మా వీధి షాపుకు ఆ కబురు ఇంకా అందలేదు.

బాబాయికి మందులు మొదలయ్యాక బంధువొకాయన వచ్చి, ఆయనకు కంచం వేరే పెట్టమని పిన్నికి సలహా ఇచ్చాడు. భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలును 2019లో పార్లమెంటే తీసేసింది, ఈయన మాత్రం కంచాల దగ్గరే ఆగిపోయాడు. ఆయనకు నేనేం చెప్పానో ఇక్కడ రాస్తే ఈ సమాధానం తొలగిస్తారు.